కొండ ఎక్కితే కాదు, దిగితేనే తొడలు పట్టేస్తాయి

కండరాలు ఎలా పనిచేస్తాయి, బాగా శ్రమపడిన మర్నాడు ఒళ్లు నొప్పులు రావడానికి, శ్రమపడేటప్పుడు కండరంలో తయారయ్యే లాక్టిక్ ఆమ్లమే కారణమా అని అడిగారు. కాదు. ఇంత గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఇద్దరు సాక్షులున్నారు. ఒకటి నా తొడలు, రెండు మా మిల్లు ముఠా మేస్త్రి.

నేను నెల్లూరులో ఒక బియ్యం మిల్లులో 26 ఏళ్లుగా గుమాస్తాను. పుట్టి అంటే 850 కిలోలని పుస్తకంలో రాయడమే గానీ, అందులో ఒక్క బస్తా బరువు కూడా నా వీపుకు తెలియదు. పోయిన సంక్రాంతి సెలవుల్లో మా మేనల్లుడు ఉదయగిరి కొండ ఎక్కుదాం రమ్మన్నాడు. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో పట్టుకున్న దుర్గం అది. మనతో యుద్ధం చేసేవాళ్లెవరూ లేరు కదా, ఒక పూటలో ఎక్కి దిగలేమా అనుకున్నాను.

ఎక్కేటప్పుడు ప్రాణం గొంతులోకి వచ్చింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఎన్ని బండల మీద కూలబడ్డానో లెక్క లేదు. పైన పాతకాలపు మసీదు నీడలో పులిహోర తిని దిగడం మొదలుపెట్టాం. ఆహా, దిగడం ఎంత హాయి! ఆయాసం లేదు, కబుర్లు చెప్పుకుంటూ వచ్చేశాం. కిందికి చేరాక మోకాళ్లు కాస్త వణికాయి, అంతే. ఊళ్లో నాలుగు చెక్క గరిటెలు కొనుక్కుని బస్సెక్కాం. ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

మర్నాడు మంచం దిగబోతే తొడలు మాట వినలేదు. రెండో రోజు ఇంకా ఘోరం. మా ఇంట్లో ఉన్నది పాత పద్ధతి మరుగుదొడ్డి. కుళాయి పట్టుకుని ఎలాగో కూర్చున్నాను. లేవడానికి మాత్రం మా ఆవిడను పిలవక తప్పలేదు. ఆ సంగతి ఆమె ఇప్పటికి ఎంతమందికి చెప్పిందో నాకు తెలుసు.

మేనల్లుడికి ఫోను చేస్తే, ‘లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయింది మామయ్యా, ప్రోటీన్ పొడి తాగండి’ అన్నాడు. ఆ డబ్బా ధర విని అదే రేటుకు ఎన్ని కిలోల కందిపప్పు వస్తుందో లెక్క కట్టాను. వృత్తి అలవాటు. అంతటితో ఆగక మా వీధి చివర ఒక క్లినిక్కుకు వెళ్తే, ‘నీరసం’ అని సెలైన్ ఎక్కించి పంపారు. తొడ నొప్పికి సెలైన్ ఏమిటని అడగలేదు, నా తప్పే.

మూడో రోజు మిల్లుకు వెళ్లాను. మా ఆఫీసు పైన ఉంటుంది. కమ్మీ పట్టుకుని, పీతలా పక్కకు నడుస్తూ మెట్లు దిగుతుంటే మేస్త్రి చూశాడు.

‘కొండకు వెళ్లారా గుమాస్తా గారూ?’

‘ఎక్కాను మేస్త్రీ.’

‘ఎక్కితే ఇట్లా నడవరు. దిగి ఉంటారు.’

ఆయన చదువుకోలేదు. కానీ కొత్త కుర్రాడు ముఠాలో చేరితే మొదటి వారం బస్తా మోయనిస్తాడు గానీ, నెట్టు (బస్తాల దొంతర) పైవరుస నుంచి కిందికి దించే పని ఇవ్వడు. ‘మోసేటప్పుడు ఊపిరి పోతుంది, దించేటప్పుడు కండ పోతుంది’ అంటాడు. ఆ మాట వెనక ఏముందో చూద్దామని తర్వాత నేను పుస్తకాలు తిరగేశాను.

మన బడి పుస్తకాల మీద నా ఫిర్యాదు ఇక్కడే ఉంది. ఒంట్లో 600కు పైగా కండరాలున్నాయని బట్టీ పట్టిస్తారు. కండరానికి లాగడం తప్ప నెట్టడం రాదన్న అసలు ముక్క మాత్రం పిల్లల బుర్రకు ఎక్కదు. మీరు తలుపు నెట్టినప్పుడు కూడా మోచేతి వెనక ఉన్న కండరం ఎముకను లాగుతూనే ఉంటుంది. అందుకే అవి జతలుగా ఉంటాయి. ముందుది చేతిని మడిస్తే వెనకది చాపుతుంది.

కండరాన్ని విప్పి చూస్తే కొబ్బరి తాడు గుర్తొస్తుంది. పెద్ద పాయలో చిన్న పాయలు, వాటిలో పీచు, పీచులో ఇంకా సన్నని పోగులు. ఆ పోగు పొడవునా సార్కోమియర్లనే గదులు వరుసగా ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో సుమారు 400వ వంతు. గదిలో మయోసిన్ అనే ప్రోటీనుకు చిన్న చిన్న తలలుంటాయి. అవి పక్కనున్న ఆక్టిన్ పోగును పట్టుకుని లాగి, వదిలి, మళ్లీ పట్టుకుంటాయి. మా ముఠా వాళ్లు మోకు లాగినట్లే.

కొండ ఎక్కేటప్పుడు తొడ ముందరి కండరాలు ముడుచుకుంటూ లాగుతాయి. దిగేటప్పుడు మోకాలు ఒక్కసారిగా మడతపడకుండా ఆపాలి కాబట్టి, అవే కండరాలు లాగుతూనే బలవంతంగా సాగాల్సి వస్తుంది. నిండు బస్తాను తాడుతో కిందికి వదిలిన వాడికి తెలుస్తుంది ఆ బాధ. పైకి లాగితే చెయ్యి అలుస్తుంది, దించుతూ తాడు జారితే తోలు ఊడుతుంది. అలా సాగినప్పుడే ఆ గదులు అక్కడక్కడా దెబ్బతింటాయి. తర్వాత వాపు వస్తుంది. అందుకే నొప్పి అప్పటికప్పుడు కాకుండా ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదురుతుంది. లాక్టిక్ ఆమ్లమా? అది గంటా రెండు గంటల్లో రక్తంలోంచి వెళ్లిపోతుంది. అదే దోషి అయితే నేను ఆయాసపడుతూ ఎక్కిన సాయంత్రమే నొప్పి పుట్టాలి కదా.

లాక్టిక్ ఆమ్లం మీద ఇంత మోజు ఎందుకంటే, ఒకప్పుడు కండరం ముడుచుకోవడానికే అది కారణమని పెద్ద శాస్త్రవేత్తలు నమ్మారు. హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ వచ్చింది ఆ దారిలో చేసిన పనికే. ఆ నమ్మకం కదలడం మొదలైంది ఎవరి వల్లనో తెలుసా? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు వల్ల. 1927లో హార్వర్డ్‌లో పరిశోధకుడు ఫిస్కేతో కలిసి, కండరంలో శక్తిని నిలవ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నాడు, 1929లో కండరం నేరుగా వాడుకునే ఇంధనం ఏటీపీని వేరుచేశాడు. జిమ్ముల్లో ఎవరెవరి పటాలో వేలాడుతుంటాయి, ఈయన పటం నాకు ఒక్కచోటా కనబడలేదు.

ఏటీపీ అంటే మనకెందుకులే అనుకోకండి. మయోసిన్ తల పట్టు వదలాలంటే ఏటీపీ కావాలి. చచ్చిన చేపలో అది అయిపోగానే పట్టు వదిలేవాళ్లుండరు, ఒళ్లు కొయ్యబారుతుంది. తర్వాత మెత్తబడుతుంది. పులుసుకు చేప కొనేటప్పుడు మా ఆవిడ తోక పట్టుకుని బిర్రుగా ఉందా అని చూసేది ఇదే పరీక్ష.

ఒక్క హెచ్చరిక. నొప్పితో పాటు మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఈ కబుర్లన్నీ వదిలేసి ఆసుపత్రికి వెళ్లండి. కండరం బాగా చితికి, మూత్రపిండాలకు ముప్పు రావచ్చు.

నెల తిరగకుండా మళ్లీ ఉదయగిరి వెళ్లాను, ఈసారి పట్టుదలకు. అదే కొండ, అవే బండలు. మర్నాడు కాస్త సలుపు, అంతే. ఒకసారి దెబ్బ తిన్న కండరం రెండోసారికి గట్టిపడుతుంది. కొత్త కుర్రాళ్లకు మేస్త్రి మొదటి వారం ఇచ్చే సడలింపులో ఉన్న కిటుకూ ఇదేనని నా గట్టి నమ్మకం. ఆ సంతోషంలో, మూడోసారికి నువ్వూ రా మేస్త్రీ అని పిలిచాను.

‘ఎక్కి దిగడానికి కూలి ఎంత?’ అని అడిగాడు.