లక్ష్మణ్‌కి, వెబ్‌సైట్ పెట్టేముందు

చిరంజీవి లక్ష్మణ్‌కి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు గీసే తెలుగు అక్షరాలు చూపించడానికి వెబ్‌సైట్ పెడతానని, దాని పేరు 'అక్షరమాంత్రికుడు' అని చెప్పావు. మీ అత్తయ్య నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఒకప్పుడు నేనూ అలాంటి పేరే పెట్టుకున్నాను కనుక. ఇప్పుడు బాగానే ఉంటుందిరా. నలభై దాటాక బ్యాంకు కౌంటర్ దగ్గర ఈమెయిల్ అడ్రస్ గట్టిగా చెప్పాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. సొంత పేరే పెట్టుకో.

అయితే ముందు ఆ పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలో తేల్చుకో. నువ్వు గీసిన పుస్తకాల అట్టల మీద 'క్ష'కి ఎక్స్ ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో కేఎస్‌హెచ్ ఉంది. న్యూమరాలజీ పిచ్చితో అక్క ఆధార్‌లో చివర ఇంకో ఎన్ తగిలించింది. నీ అక్షరాలు నచ్చి వెతికినవాళ్లకి ముగ్గురు లక్ష్మణులు కనిపిస్తారు. ఒక స్పెల్లింగ్ ఖాయం చేసి, ఇంటిపేరు కలిపి, అన్నిచోట్లా అదే వాడు.

ఇక డొమైన్, అంటే సైట్ అడ్రస్. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, దెబ్బ తిన్నవాణ్ణి కదా. నా డీటీపీ సెంటర్ సైట్ చేసిపెట్టిన కుర్రాడు డొమైన్ తన ఈమెయిల్ మీదే కొన్నాడు. నేనూ పట్టించుకోలేదు. తర్వాత అతను వేరే ఊళ్లో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. రెన్యూవల్ మెయిళ్లన్నీ అతను తెరవడం మానేసిన మెయిల్‌కే పోయాయి. డాట్ కామ్ గడువు తీరితే, అమ్మిన కంపెనీ ఇచ్చే కొన్నాళ్ల వ్యవధి అయ్యాక, ఇంకో ముప్పై రోజులు ఎక్కువ డబ్బు కట్టించుకుని తిరిగిస్తారు. ఆ తర్వాత 5 రోజులకి ఎవరైనా కొనుక్కోవచ్చు. ఎవరో కొనుక్కున్నారు. నా విజిటింగ్ కార్డు మీద ఉన్న అడ్రస్ కొడితే రమ్మీ సైట్ వచ్చేది. ఒక పెళ్లిలో తోడల్లుడు అందరి ముందూ "బావగారు పేకాట క్లబ్బు పెట్టారటగా" అన్నాడు. కార్డులు వెయ్యి కొట్టించాను, ఇప్పటికీ అటక మీద కట్టలుగా ఉన్నాయి.

కాబట్టి సైట్ ఎవరితోనైనా చేయించుకో, డొమైన్ మాత్రం నీ పేరు మీద, నీ మెయిల్‌తో, నీ కార్డుతో నువ్వే కొను. ఒకేసారి ఐదేళ్లకి కట్టెయ్. ఆటో రెన్యూవల్ పెట్టినా నమ్ముకోకు, కార్డు గడువు తీరితే అదీ ఆగిపోతుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో పన్నెండు వేలమంది ఉన్నారు కదా, సైట్ ఎందుకని మీ నాన్న అడిగాడట. ఇన్‌స్టాగ్రామ్‌లాగే జనమంతా ఉండే ఆర్కుట్‌ని 2014 సెప్టెంబరులో మూసేశారు. 2019 ఏప్రిల్‌లో గూగుల్ ప్లస్ పోయింది. 2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్ ఒక్క రాత్రిలో ఆగిపోయింది. ఇన్‌స్టాగ్రామ్ మానమని కాదు. అది సంతలో కొట్టు లాంటిది, జనం వచ్చేది అక్కడికే. కానీ సరుకంతా అక్కడే పెట్టి తలుపు తాళం ఇంకొకరి చేతికి ఇవ్వకు. ఒరిజినల్ ఫైళ్లు ఇంట్లో హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ ఉంచు.

సైట్‌లో అరవై బొమ్మలు వద్దు, ఎనిమిది చాలు. ప్రతి బొమ్మ కింద ఏం రాశావో, ఎవరికోసమో, ఏ ఊళ్లోనో తెలుగులో టైపు చేసి పెట్టు. నువ్వు గీసిన అక్షరం కంప్యూటర్‌కి ఉత్త బొమ్మే, కింద మాటలు లేకపోతే వెతుకులాటలో దొరకదు. 2003లో మేం డీటీపీ ఫాంట్లతో తెలుగు పేజీలు పెట్టాం. ఆ ఫాంట్ లేనివాళ్లకి అవి పిచ్చి గీతల్లా కనిపించేవి. ఇప్పుడు ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్ పద్ధతి ఉంది, ఆ బాధ లేదు. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. లైన్ల మధ్య మాత్రం ఎడం ఎక్కువివ్వు. పై వరసలో 'రాష్ట్రం' వత్తులు కింద వరసలో 'కీ' గుడిదీర్ఘానికి తగులుతుంటే చదివేవాడికి కళ్లు లాగుతాయి. నీకు నేను చెప్పాలా!

నీ గురించి రాసే పేజీలో 'క్రియేటివ్', 'ప్యాషన్' లాంటివి తీసెయ్. షట్టర్లు, పుస్తకాల అట్టలు, పెళ్లి శుభలేఖలకి తెలుగు అక్షరాలు గీస్తాననీ, ఉండేది తెనాలి అనీ రాయి, చాలు. ఇంటి అడ్రస్, పుట్టినరోజు, ఫోన్ నంబర్ పెట్టకు. ఫోన్‌తో తీసిన ఫోటోలో తీసిన చోటు కూడా దాగి ఉండొచ్చు, అది తీసేసి ఎక్కించు. ఇంకోటి, అర్ధరాత్రి సినిమా హీరోల మీద నువ్వు వేసే కౌంటర్లు నేను చూస్తూనే ఉన్నాను. అవీ ఇదే పేరు మీద ఉన్నాయి. శుభలేఖ రాయించుకోవాలనుకున్న పెళ్లికూతురి తండ్రి అవీ చదువుతాడు.

మొదటి బొమ్మగా గాంధీచౌక్ దగ్గర కుట్టుమిషన్ల కొట్టు షట్టర్ మీద రాసింది పెట్టు. అందులో 'ళ' తోక సూదిలోకి దారంలా వెళ్లింది చూడు, అది. ఆదివారం పొద్దున రా, డొమైన్ కొనేటప్పుడు పక్కన కూర్చుంటాను. కార్డు మాత్రం నీదే తెచ్చుకో.

మీ మామయ్య