స్వచ్ఛంద పదవీ విరమణ చేస్తే పెన్షన్ ఎంత తగ్గుతుంది?

ప్రశ్న: నేను 1999లో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరాను. వయసు 51, సర్వీసు 26 ఏళ్లు, మూలవేతనం రూ.80,000. అమ్మను చూసుకోవడానికి ఉద్యోగం మానేయాలనుకుంటున్నాను. పెన్షన్ వస్తుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తప్పకుండా వస్తుందమ్మా. అయితే మీ దరఖాస్తులో ‘రాజీనామా’ అన్న మాట పొరపాటున కూడా రాయకండి. 1980 నాటి రాష్ట్ర పెన్షన్ నిబంధనల ప్రకారం రాజీనామా చేసినవారు గత సర్వీసు మొత్తాన్నీ కోల్పోతారు. 20 ఏళ్ల అర్హత సర్వీసు నిండినవారు మూడు నెలల ముందు నోటీసు ఇచ్చి స్వచ్ఛంద పదవీ విరమణ కోరవచ్చు.

పూర్తి పెన్షన్‌కు, అంటే చివరి మూలవేతనంలో సగానికి, 33 ఏళ్ల సర్వీసు ఉండాలి. స్వచ్ఛందంగా వైదొలిగేవారికి గరిష్ఠంగా ఐదేళ్ల వెయిటేజీ, అంటే పెన్షన్ లెక్క కోసం అదనపు సర్వీసు, కలుపుతారు కనుక మీ సర్వీసు 31 ఏళ్లవుతుంది. సర్వీసును అర్ధ సంవత్సరాల్లో లెక్కిస్తారు కాబట్టి 33 ఏళ్లంటే 66, 31 ఏళ్లంటే 62. మీ మూలవేతనంలో సగమైన రూ.40,000ను 66తో భాగించి 62తో గుణిస్తే నెలకు సుమారు రూ.37,576 మూల పెన్షన్ వస్తుంది. దీనిపై కరువు భృతి అదనం. వెయిటేజీ సర్వీసును పెంచుతుందే తప్ప జీతాన్ని పెంచదు కాబట్టి, పదవీ విరమణ వయసైన 62 ఏళ్ల వరకు రావలసిన ఇంక్రిమెంట్లను వదులుకున్నట్లే. నా దృష్టిలో అసలు నష్టం ఇదే.

గ్రాట్యుటీ, 300 రోజులకు మించకుండా నిల్వ ఉన్న ఆర్జిత సెలవుల నగదు కూడా అందుతాయి. నోటీసు ఇచ్చే ముందు సర్వీసు రిజిస్టరులో ఏటా సర్వీసు ధ్రువీకరణ నమోదైందో లేదో స్వయంగా చూసుకోండి.