స్క్రీన్ దాటాక ఎవరిని చూడాలి?

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో పాయింట్ గార్డ్‌ని, అంటే బంతి తెచ్చి ఆట నడిపేవాణ్ని. ప్రాక్టీసులో డ్రిబ్లింగ్, షూటింగ్ బాగానే ఉంటాయి. మ్యాచ్‌లో మాత్రం స్క్రీన్ (నన్ను కాసేవాడికి అడ్డంగా నిలబడే మా సహచరుడు) దాటగానే తడబడుతున్నాను. షాట్ వేయాలా, పాస్ ఇవ్వాలా అని తేల్చుకునేలోపు ఇద్దరు మీద పడిపోతారు. 'ఆలోచించి ఆడు' అంటారు సార్. ఆలోచిస్తే ఆలస్యమవుతోంది. ఏం చేయాలి?
- ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: మీ సార్ చెప్పింది సరైనదే. అయితే ఆ ఆలోచన స్క్రీన్ దాటాక మొదలైతే లాభం లేదు. అందరినీ ఒకేసారి చూడబోతే ఎవరూ కనబడరు. వరసగా ముగ్గురినే చూడండి.

మొదట మిమ్మల్ని కాస్తున్నవాడు. స్క్రీన్‌కు రింగ్ వైపు నుంచి చుట్టి వస్తున్నాడంటే మీకు షాట్ వదిలేసినట్టే. స్క్రీన్ వెనకే ఆగి వేసేయండి. దూరపు షాట్ మీద నమ్మకం లేకపోతే స్క్రీన్‌ను ఇంకోవైపు తిప్పి మళ్లీ పెట్టించుకోండి. అలా కాక మీ వెంటే పడ్డాడనుకోండి, వాణ్ని వీపు వెనకే ఉంచి రెండోవాడి వైపు చూడండి. రెండోవాడంటే స్క్రీన్ పెట్టిన మీ సహచరుణ్ని కాస్తున్న పొడుగాటి ఆటగాడు. అతను వెనక్కి తగ్గితే ఫ్రీ త్రో లైన్ దాకా వెళ్లి షాట్. ముందుకొస్తే, స్క్రీన్ వదిలి రింగ్ వైపు తిరిగి పరిగెడుతున్న (రోల్ అవుతున్న) మీవాడికి బౌన్స్ పాస్. ఇద్దరూ మనుషుల్ని మార్చుకుంటే తొందరేం లేదు. లోపల మీ పొడుగువాడి మీద ఇప్పుడు పొట్టివాడున్నాడు, బంతి అక్కడికి పంపండి.

మీకు ఇబ్బంది పెడుతున్నది ఇద్దరూ మీద పడటం. అప్పుడు ముందుకు దూరకండి, రెండు డ్రిబుల్స్ వెనక్కి లాగండి. వాళ్లూ మీతో బయటికొస్తారు. వెనక మీవాళ్లు నలుగురు, వాళ్లు ముగ్గురే. ఆ ఇద్దరూ దగ్గరై సందు మూసేయకముందే పాస్ వదలాలి. మూడోవాడు అవతలి కార్నర్‌ను కాసేవాడు. అతని కాలు పెయింట్‌లో (రింగ్ ముందున్న గీతల పెట్టెలో) పడిందంటే కార్నర్ ఖాళీ.

నిర్ణయం సరైనదైనా పని చెడేది కాళ్ల దగ్గర. మీ భుజం స్క్రీన్ పెట్టినవాడి నడుముకు రాసుకుంటూ పోవాలి. జానెడు సందు వదిలినా డిఫెండర్ అందులోంచి దూరిపోతాడు. స్క్రీన్ కుదురుగా నిలబడకముందే బయల్దేరితే మీవాడు కదులుతూ తగులుతాడు, ఫౌల్. ముందు ఎగిరి తర్వాత పాస్ కోసం వెతికితే, బంతితో కిందికి దిగగానే ట్రావెలింగ్, అంటే బంతితో నడిచిన తప్పు. డ్రిబుల్ తొందరపడి ఆపేస్తే, మీటరు దూరంలో డిఫెండర్ ఉన్నప్పుడు బంతి వదలడానికి మీకు 5 సెకన్లే.

సాధన ఇలా చేయండి. మీరు, స్క్రీన్ పెట్టేవాడు, ఇద్దరు డిఫెండర్లు. సార్ మీ వెనక నిలబడి డిఫెండర్లకు వేళ్లతో సైగ చేస్తారు: ఒకటైతే స్క్రీన్‌కు రింగ్ వైపు నుంచి చుట్టి రావడం, రెండైతే వెంటపడటం, మూడైతే మార్చుకోవడం, నాలుగైతే ఇద్దరూ మీద పడటం. సైగ మీకు కనబడకూడదు. స్క్రీన్ దాటాక రెండే డ్రిబుల్స్. కుడివైపు 10, ఎడమవైపు 10. బుట్ట పడిందా లేదా అన్నది లెక్కించకండి, సరైనది ఎంచుకుంటే ఒక మార్కు. మొదట నడకలోనే చేయండి. పదికి ఎనిమిది వచ్చాక వేగం పెంచి, కార్నర్‌లో ఒక డిఫెండర్‌ను, మీవాణ్ని ఒకణ్ని కలపండి.

ఇంకొకటి, సమయం. షాట్ వేయడానికి ఇచ్చే 24 సెకన్లలో 8 సెకన్లకల్లా బంతి అవతలి సగంలోకి చేరాల్సిందే. చివరి 6 సెకన్లలో స్క్రీన్ పిలిస్తే మీకు మిగిలేది ఒక్క అవకాశం. ఇంకా 14 సెకన్లు ఉండగానే మొదలుపెట్టండి. క్లాక్ బోర్డు లేని కోర్టులో బెంచి మీదున్నవాళ్లను '14', '7' అని అరవమనండి.

ప్రశ్న: మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఒకటే రింగ్, 16 మంది పిల్లలు. కోన్‌ల మధ్య డ్రిబ్లింగ్ చేయిస్తున్నాను. మ్యాచ్‌లో పనికి రావడం లేదు.
- ఒక పీఈటీ, ప్రకాశం జిల్లా

జవాబు: కోన్ కదలదు కాబట్టి పిల్లవాడికి ఎంచుకోవాల్సిన పనే పడదు. ఇద్దరు దాడి, ఒకరు కాపు పెట్టండి. దాడి చేసే ఇద్దరి మధ్య 4 మీటర్ల దూరం ఉండాలి, దగ్గరైతే ఒక్కడే ఇద్దరినీ కాస్తాడు. బంతి ఉన్నవాడు నేరుగా రింగ్ మీదికే వెళ్లాలి. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు, కాపువాడు ఇంకా మధ్యలో ఉండగానే పాస్ ఇచ్చేయడం. వాడి పాదం తమ వైపు తిరిగేదాకా ఆగమనండి. తిరగకపోతే లేఅప్ (రింగ్ దగ్గరికెళ్లి వేసే షాట్). కాపువాడు బంతి పట్టుకుంటే తప్పు చేసినవాడు కాపుకు మారతాడు, కొత్త జంట వస్తుంది. అలా 10 నిమిషాల్లో అందరికీ నాలుగైదు సార్లు వంతు వస్తుంది.