ఆర్సీ గ్యారేజ్: జిప్సీ కట్టాలంటే ముందు కొలతల టేపు తియ్యి

ప్రశ్న: అన్నా, మా నాన్నకి ఒకప్పుడు తెల్ల మారుతీ జిప్సీ కింగ్ ఉండేది, నేను టెన్త్‌లో ఉన్నప్పుడు అమ్మేశారు. ఇప్పుడు అదే బండిని ఆర్సీ కారుగా (రిమోట్‌తో నడిచే చిన్న బండి) కట్టి ఆయన పుట్టినరోజుకి ఇద్దామని. అసలు బండిలో లాగానే ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్సే (రెండు చక్రాల్నీ కలిపే ఒకే దూలం) ఉండాలి. 1/10 స్కేల్, అంటే అసలు బండిలో పదో వంతు అనుకుంటున్నా, 3డీ ప్రింట్ బాడీ ఫైల్ కూడా దొరికింది. ప్రింట్‌కి ఇచ్చేయనా? - డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఆగు తమ్ముడూ, ఇవ్వకు. నాలుగేళ్ల కింద నేను చేసిన పనే నువ్వూ చేయబోతున్నావ్. బాడీ మీద మోజుతో ప్లాస్టిక్ షీట్ కోసి, అంటించి, పుట్టీ పెట్టి, రంగు కూడా కొట్టేసి, అప్పుడు తీరిగ్గా యాక్సిల్స్ తెప్పించా. బాడీ పైన పెట్టి చూస్తే ఏముంది, టైర్లు ఒక్కో పక్క అంగుళం బయటికి వచ్చాయి. మా ఆవిడ చూసి "ఇదేంటి, కాళ్లు చాపిన కప్పలా ఉంది" అని పోయింది. ఆ బాడీ ఇప్పటికీ అటక మీదే ఉంది.

లెక్క చూడు. జిప్సీ వీల్‌బేస్, అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి దూరం, 2375 ఎంఎం, వెడల్పు 1540. 1/10లో కడితే 237 వీల్‌బేస్, 154 వెడల్పు వస్తాయి. కానీ బజార్లో 1/10 అని అమ్మే క్రాలర్ (రాళ్లెక్కే ఆర్సీ బండి) యాక్సిల్స్‌కి టైర్లు తగిలించి ఈ చివర నుంచి ఆ చివరకి కొలిస్తే చాలావరకు 200 దాటేస్తుంది. వీల్‌బేస్ కూడా అంతే, యాక్షియల్ కంపెనీ వాళ్ల ఎస్సీఎక్స్10 టూ క్రాలర్ తీసుకుంటే 313 ఎంఎం. డబ్బా మీద 1/10 అని ఉంటుంది గానీ ఆ నంబర్ పట్టుకుని మన సన్నటి జిప్సీని అందులో ఇరికించలేం. అందుకే నేనైతే స్కేల్ ముందు అనుకోను, రిమ్ము యాక్సిల్ ఏం చెప్తే అదే స్కేలు.

రిమ్ సంగతి చూడు. అసలు జిప్సీకి 15 అంగుళాల రిమ్. క్రాలర్లకి ఎక్కడ చూసినా దొరికేది 1.9 అంగుళాల రిమ్. 15ని 1.9తో భాగిస్తే 7.9, అంటే దాదాపు 1/8. ఇప్పుడు బండి మొత్తాన్ని 8తో భాగించు: వీల్‌బేస్ 297, వెడల్పు 192, పొడవు 501. చూశావా, అన్నీ దారికొచ్చేశాయి! వెడల్పులో ఇంకా ఓ 10 ఎంఎం తేడా ఉంటే ఉండనీ, ఒక్కో పక్క అయిదే కదా, వీల్ హబ్ సన్నది వేసుకుంటే కొంత లోపలికి పోతుంది, మిగిలింది మడ్‌గార్డ్ మీద ఫ్లేర్ (బయటికి వచ్చే అంచు) అతికిస్తే కవర్ అయిపోతుంది. టైర్ దగ్గర మాత్రం ఆశ పడకు. 205/70 ఆర్15 టైర్ ఎత్తు 668 ఎంఎం, 1/8లో 83 చిల్లర, కాబట్టి 85 నుంచి 90 లోపు టైర్ చూసుకో. షాపువాడు 115ది చూపించి ఇది బాగా ఎక్కుతుంది అంటాడు, ఎక్కుతుంది నిజమే, కానీ చూడ్డానికి మీ నాన్న జిప్సీలా కాదు, ట్రాక్టర్‌లా ఉంటుంది. నీ దగ్గరున్న ఫైల్ పారేయక్కర్లేదు, నిజంగా 1/10దే అయితే 125 శాతానికి పెంచితే 1/8 అవుతుంది, కాకపోతే గోడల మందం కూడా పెరిగి బరువెక్కుతుంది, అది ఒకసారి తగ్గించుకో.

కొనడం మాత్రం యాక్సిల్స్, రిమ్ములు, టైర్లతో మొదలుపెట్టు. అవి వచ్చాక ఒక అట్ట మీద 297 దూరంలో పెట్టి, మధ్యలో గేర్‌బాక్స్ ఎక్కడ కూర్చుంటుందో, షాఫ్టులు ఎంత పొడవు కావాలో పెన్సిల్‌తో గీసుకో. ఆ అట్టే నీ ప్లాను. చాసిస్ పట్టీలు దాన్ని చూసే కోయించు.

సస్పెన్షన్ అంటావా, జిప్సీకి నాలుగు చక్రాల దగ్గరా కమాన్ కట్టలే (ఆకుల స్ప్రింగులు), ముందు కట్టల షాకిల్ (కట్ట చివర ఊగే పట్టీ) బంపర్ వైపు ఉంటుంది, నువ్వూ అలాగే పెడితే తెలిసినవాడు చూసి నవ్వుకోడు. కట్టల బదులు లింకులు (యాక్సిల్‌ని పట్టుకునే కడ్డీలు), కాయిల్ స్ప్రింగులు పెడితే రాళ్ల మీద ఇంకా బాగా వంగుతుంది గానీ మీ నాన్న కింద తొంగి చూస్తే ఒప్పుకోడు. ఒకవేళ లింకుల దారే పడితే, సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటార్) చాసిస్ మీద పెట్టినప్పుడు పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరక్కుండా పట్టే కడ్డీ), స్టీరింగ్ డ్రాగ్ లింక్ (సర్వో నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) రెండూ ఒకే పొడవులో, ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, లేకపోతే సస్పెన్షన్ కుంగిన ప్రతిసారీ చక్రాలు వాటంతట అవే తిరుగుతాయి.

బాడీ చివర్న. పీఎల్ఏ ప్లాస్టిక్‌లో ప్రింట్ చేయించకు, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కార్లో వదిలేస్తే వంకరపోయిన జిప్సీ తీస్తావ్. పీఈటీజీ గానీ ఏబీఎస్ గానీ అడుగు.

ప్రశ్న: నేను లారీ మెకానిక్‌ని, 30 ఏళ్లు కమాన్ కట్టలు సర్దాను. మా మనవడి కోసం కట్టల మీద ఒక చిన్న జీపు కట్టాం. రాయెక్కితే ఒక చక్రం గాల్లోకి లేస్తుంది, పైగా చక్రం రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు స్టీరింగ్ తిప్పితే బండి మొత్తం ఒక్క క్షణం చచ్చి మళ్లీ బతుకుతుంది. - ఒంగోలు

జవాబు: మొదటిది మీకు నేను చెప్పేదేముంది మాస్టారూ, ఖాళీ లారీ గుంతలో ఎగిరినట్టే ఇదీను. బండి బరువుకి కట్ట బిరుసెక్కువైంది. మెయిన్ ఆకు ఉంచి కింద ఆకులు ఒక్కోటీ తీస్తూ, బ్యాటరీ, బాడీ అన్నీ పెట్టాక కట్ట మూడో వంతు కుంగేదాకా చూడండి. కట్టని యాక్సిల్‌కి పట్టే యూ క్లాంపు మరీ బిగించినా ఇంతే.

రెండోది కరెంటు సంగతి. చక్రం ఇరుక్కుంటే సర్వో ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతుంది, ఈఎస్సీలో (మోటార్ వేగం చూసే సర్క్యూట్) ఉన్న బీఈసీ (సర్వోకీ రిసీవర్‌కీ కరెంటు ఇచ్చే భాగం) అంత ఇవ్వలేక వోల్టేజ్ పడిపోతుంది, రిసీవర్ ఆరిపోయి మళ్లీ లేస్తుంది. 20, 25 కిలోల బలమున్న సర్వో పెట్టి 3 ఆంపియర్ల బీఈసీ మీద నడిపితే ఇదే వరస. సర్వోకి విడిగా ఒక బీఈసీ పెట్టండి, బ్యాటరీ నుంచి నేరుగా. నాకూ ఇదే జరిగింది, నేను మూడు వారాలు రిమోట్‌ని తిట్టుకున్నా.

ప్రశ్న: మా అన్నయ్య డల్లాస్ నుంచి వచ్చే నెల వస్తున్నాడు. క్రాలర్ కోసం ఏమేం తెప్పించుకోవాలి? బ్యాటరీ కూడా తెమ్మనమంటారా? - గుంటూరు

జవాబు: అన్నయ్య సూట్‌కేసులో ఆవకాయకి తిరుగు ప్రయాణంలో చోటు కావాలి కదా, వచ్చేటప్పుడు చిన్నవే చెప్పండి. యాక్సిల్ లోపలి గేర్లు, స్టీల్ షాఫ్టులు, బేరింగులు, ముందు చక్రాల నకిల్స్ (చక్రం తిరిగే కీలు భాగాలు). బరువు తక్కువ, ఇక్కడ దొరక్క తిప్పలు పెట్టేవీ ఇవే. మోటార్, సర్వో, రిమోట్ ఇక్కడే కొనండి, పాడైతే షాపువాడి మొహాన పెట్టడానికి ఉంటుంది.

లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) అయితే అడక్కండి. విడి లిథియం బ్యాటరీని చెక్-ఇన్ బ్యాగ్‌లో పెట్టనివ్వరు, చేతి బ్యాగ్‌లోనే తేవాలి, అదీ టెర్మినల్స్‌కి టేపు వేసి. 5000 ఎంఏహెచ్ 2ఎస్ (రెండు సెల్స్‌ది) అంటే 37 వాట్ అవర్లే, 100 లోపే కాబట్టి రూలు ఒప్పుకుంటుంది, కానీ సెక్యూరిటీ దగ్గర ఆ వైర్లు బయటికి వేలాడే ఇటుకముక్కని చూపించి ఇదేంటో వివరించాల్సింది మీరు కాదు, ఆయన.