ముప్పై ఆరేళ్ల తర్వాత సింగపూర్‌లో ఒక్క పగలు

1985లో చూసిన సింగపూర్‌కి ఇప్పుడు క్రూజ్‌లో వెళ్తున్నాం, ఓడ పొద్దున్న ఆగి సాయంత్రం కదిలిపోతుంది, ఆ కాస్త టైములో పాత ఊరు ఏమైనా కనబడుతుందా అని మీరు అడిగారు. కనబడుతుందండీ. పాత భవనాలు కొన్ని అలాగే ఉన్నాయి. వాటి ముందున్న సముద్రమే లేదు.

మాది విశాఖ. సరుకు ఓడల్లో ఇంజన్ రూమ్ పని చేశాను. 1981 నుంచి 1987 దాకా సింగపూర్‌లో ఎన్నిసార్లు దిగానో లెక్కలేదు. ఆ తర్వాత ఒడ్డున ఉద్యోగం దొరికి ఓడలు వదిలేశాను. మళ్లీ అక్కడ కాలుపెట్టింది 2023లోనే, మా ఆవిడతో, టికెట్ కొనుక్కున్న ప్రయాణికుడిగా.

అప్పట్లో మా ఓడ బంకర్ (ఓడ ఇంధనం) పట్టించుకోవడానికి బయట లంగరు వేసేది. షోర్ పాస్ (ఒడ్డుకు దిగే అనుమతి చీటీ) జేబులో పెట్టుకుని లాంచీ ఎక్కితే క్లిఫర్డ్ పియర్ అనే రేవు దగ్గర దింపేవాడు. పైన కమాను దూలాల కప్పు, కింద తడి మెట్లు, డీజిల్ వాసన. రాత్రి పడవలకు గుర్తుగా ఎర్రదీపం ఉండేదని చైనావాళ్లు దాన్ని ఎర్రలాంతరు రేవు అనేవారు. రోడ్డు దాటితే ఛేంజ్ ఆలీ. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగాల్సినంత ఇరుకు సందు. డబ్బు మార్చేవాళ్లలో చాలామంది తమిళ ముస్లింలు, మా వచ్చీరాని తమిళంతోనే బేరాలు సాగిపోయేవి. అక్కడ కొన్న ఒక సీకో వాచీ మా విశాఖ కొండ డాల్ఫిన్స్ నోస్ కనబడకముందే ఆగిపోయింది. అసలుదో నకిలీదో మీరే ఊహించుకోండి.

ఆ ఛేంజ్ ఆలీని 1989లో మూసేశారు. ఇప్పుడు అదే పేరుతో ఏసీ నడవా ఉంది. చూడకపోయినా నష్టం లేదు.

క్లిఫర్డ్ పియర్‌కి మాత్రం వెళ్లండి. 1933లో తెరిచిన రేవు, 2006లో లాంచీలు ఆపేశారు, తర్వాత పక్కనున్న హోటల్లో కలిపేశారు. కప్పు అదే, దూలాలు అవే. కింద మాత్రం తెల్లగుడ్డలు పరిచిన బల్లలు. నీళ్లవైపు వెళ్లి నిలబడ్డాను. ఏదో తేడాగా ఉంది, ఏమిటో అర్థం కాలేదు. కాసేపటికి తట్టింది: ఉప్పు వాసన లేదు. అలా ఎందుకంటే, సముద్రానికీ ఆ నీళ్లకీ మధ్య 2008లో 350 మీటర్ల ఆనకట్ట కట్టేశారు. మెరీనా బ్యారేజ్ అంటారు, తొమ్మిది గేట్లు. వాననీళ్లు వచ్చి చేరి క్రమంగా ఉప్పు తగ్గిపోయింది. మేం లాంచీలో అలలకు తడుస్తూ వచ్చిన దారి ఇప్పుడు ఊరికి తాగునీళ్ల చెరువు! గేట్లు కట్టాక సముద్రం నుంచి లాంచీ ఎలా వస్తుంది? అందుకే రేవును ముందే మెరీనా సౌత్ పియర్‌కి మార్చేశారు.

మీ ఓడ బహుశా మెరీనా బే క్రూజ్ సెంటర్‌లో ఆగుతుంది. అది కట్టిన నేల కూడా సముద్రాన్ని పూడ్చి తెచ్చిందే. (హార్బర్‌ఫ్రంట్‌లో ఆపే ఓడలూ ఉన్నాయి, మీ టికెట్ చూసుకోండి.) అక్కడినుంచి పది పదిహేను నిమిషాలు నడిస్తే మెరీనా సౌత్ పియర్ మెట్రో స్టేషన్, రెండో స్టాపు రాఫుల్స్ ప్లేస్. అక్కడ దిగితే క్లిఫర్డ్ పియర్, సింగపూర్ నది, పాత పోస్టాఫీసు అన్నీ నడిచేంత దూరమే. మీరు వెళ్లినప్పుడు ఈ మెట్రో లేదు, 1987 నవంబరులో మొదలైంది.

పాత పోస్టాఫీసు అంటే నది మూలన పెద్ద స్తంభాల భవనం, ఫుల్లర్టన్. మా ఇంటికి ఏరోగ్రామ్‌లన్నీ అక్కడినుంచే వేసేవాణ్ణి. 1996 దాకా పోస్టాఫీసు, 2001 నుంచి హోటల్. మా ఆవిడ లోపలికి తొంగిచూసి, "ఏమండీ, 'డబ్బులు వచ్చే నెల పంపుతాను' అని రాసింది ఇక్కడ కూర్చునేనా?" అంది. ఇక్కడ నిలబడే అన్నాను. కూర్చునే చోటు ఎక్కడిది, అంత రద్దీ.

నది గురించి ఒక మాట. 1981లో దాని పక్కన ముక్కు మూసుకోకుండా నిలబడలేకపోయేవాళ్లం. సరుకు దించే పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉండేవి. 1977లో మొదలుపెట్టి పదేళ్లు శుభ్రం చేశారు, 1983లో ఆ పడవలన్నిటినీ పాసిర్ పంజాంగ్ అనే చోటికి తరిమేశారు. ఇప్పుడు తిరిగేవి టూరిస్టు పడవలు. బాగుంది, కాదనను. కానీ ఆ పడవల మీద బతికిన కూలీలు ఎటు పోయారో అన్న ఆలోచన నాకైతే వదల్లేదు. సింహం తల, చేప ఒళ్లు ఉన్న బొమ్మ మెర్లయన్ కూడా మీరు చూసినచోట లేదు. ఎదురుగా వంతెన కట్టేసరికి సముద్రం కనబడక, 2002లో దాన్ని 120 మీటర్లు జరిపారు.

ఇంకా టైముంటే సెరంగూన్ రోడ్డు, అదే లిటిల్ ఇండియా. మీరు పోల్చుకోగలిగేది అదొక్కటే అనుకుంటాను. శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, 1947 నాటి కోమల విలాస్ ఉంది, మల్లెపూల కొట్లున్నాయి. నేను టూ-ఇన్-వన్ (రేడియో, టేప్‌రికార్డర్ కలిసినది) కొన్న కొట్టు లేదు, అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఆకాశంలో పడవ పెట్టినట్టుండే హోటల్ మెరీనా బే శాండ్స్, పక్కనే గార్డెన్స్ బై ది బే తోటలు అంటారా, రెండూ ఓడ డెక్ మీదనుంచే కనిపిస్తాయి. మళ్లీ టికెట్ కొని పైకెక్కడం మీ ఇష్టం. మేం ఎక్కలేదు.

మన పాస్‌పోర్టుకు వీసా కావాలి, దిగడానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. మెట్రోకి టికెట్ కొననక్కర్లేదు, మీ బ్యాంకు కార్డు ట్యాప్ అయ్యే రకమైతే సరిపోతుంది. వాచీని ఓడ టైముకే పెట్టుకోండి. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు రెండే గంటలు, 1982 జనవరి 1న అరగంట ముందుకు జరిపారు. ఊరే కాదు, గడియారం కూడా కదిలింది.

సాయంత్రం ఓడ కదిలేటప్పుడు గదిలో ఉండకండి, డెక్ మీదికి రండి. బయట లంగరు వేసిన ఓడలు అప్పటిలాగే ఉన్నాయి, ఇంకా ఎక్కువే ఉన్నాయి. చీకటి పడ్డాక వాటి దీపాలు సముద్రం మీద ఇంకో ఊరున్నట్టు కనబడ్డాయి. "వీటిలో మీ ఓడ ఎక్కడ ఆగేది?" అని మా ఆవిడ అడిగితే, వేలు చూపించగలిగాను. దుర్భిణి ఉంటే పట్టుకెళ్లండి, మాకు ఆ ఆలోచన రాలేదు.