లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్‌కి ఎన్ని గంటలు?

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. దూరం చెప్పడం తేలికే. విమానం దారిలో సుమారు 3,980 కిలోమీటర్లు, ఇక్కడి లెక్కలో 2,475 మైళ్లు. విమానం గంటకి 900 కిలోమీటర్లు పోతుంది కదా, నాలుగున్నర గంటల్లో దిగిపోతాం అనుకుంటారు. తీరా టికెట్ చూస్తే పొద్దున 8కి బయల్దేరి సాయంత్రం 4:30కి చేరినట్టు ఉంటుంది.

కంగారు పడకండి. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. న్యూయార్క్ గడియారం మూడు గంటలు ముందుంటుంది. అవి తీసేస్తే మిగిలేది ఐదున్నర గంటలు. అందులోనూ కొంతసేపు రన్‌వే దాకా మెల్లగా పాకడానికే పోతుంది.

తిరుగు ప్రయాణంలో ఇది తలకిందులవుతుంది. సాయంత్రం 6కి ఎక్కితే రాత్రి 9:20కి దిగినట్టు కనిపిస్తుంది. మూడు గంటలే కదా అని ఏమీ తినకుండా ఎక్కేరు, ఆరు గంటల పైమాటే! అదే దూరానికి దాదాపు ఇంకో గంట ఎందుకంటే, విమానాలు ఎగిరే ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే గాలి పడమర నుంచి తూర్పుకి జోరుగా వీస్తుంటుంది. న్యూయార్క్ వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు కొడుతుంది. చలికాలంలో దాని జోరు ఇంకా ఎక్కువ.

మధ్యలో విమానం మారాలంటే మరింత జాగ్రత్త. వచ్చిన మొదటి ఏడు డబ్బులు కలిసొస్తాయని డెన్వర్‌లో మారే టికెట్ కొన్నాను. చేతి గడియారం లాస్ ఏంజెలెస్ టైమ్‌లోనే ఉంది, డెన్వర్ గంట ముందుంటుందన్న ధ్యాస లేదు. ఇంకా బోలెడు టైముందని తీరిగ్గా కాఫీ తాగి గేటు దగ్గరికి వెళ్తే అక్కడ ఒక్కరూ లేరు. విమానం అప్పటికే గాల్లో ఉంది. తప్పు పూర్తిగా నాదే. ఇప్పుడు ఫోన్ తనంతట తనే టైమ్ మార్చుకుంటుంది కానీ, ఎయిర్‌ప్లేన్ మోడ్ తీస్తేనే సుమా. ఫీనిక్స్‌లో మారేవాళ్లకి ఇంకో తిరకాసుంది. అమెరికాలో చాలాచోట్ల వేసవికి గడియారం గంట ముందుకి జరుపుతారు కానీ, ఫీనిక్స్ ఉన్న అరిజోనాలో ఎక్కువ భాగం మార్చరు. అందుకని వేసవిలో ఫీనిక్స్ టైమ్, లాస్ ఏంజెలెస్ టైమ్ ఒకటే. చలికాలంలో మాత్రం ఫీనిక్స్ గంట ముందుంటుంది.

ఇక ఐదున్నర గంటల ప్రయాణానికి రోజంతా పోతుందనే అనుకోండి. రెండు గంటల ముందు ఎయిర్‌పోర్టుకి చేరాలి, అక్కడికి వెళ్లే దారిలో ట్రాఫిక్ సంగతి చెప్పక్కర్లేదు. దిగాక ఎటు వెళ్తారన్నదీ చూసుకోండి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో చుట్టాలింటికైతే జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టు కన్నా న్యూఅర్క్ ఎయిర్‌పోర్టు దగ్గర. జేఎఫ్‌కేలో దిగితే న్యూయార్క్ నగరాన్ని దాటుకుని న్యూజెర్సీకి రావాలి. టికెట్ కాస్త చవకని అక్కడ దిగితే, మిగిలిన డబ్బు టాక్సీకే సరిపోతుంది.