సముద్రపు మంచు మోడళ్లపై పరిశోధన: ముందు ఒక పోలిక చేసి చూడండి

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. పైథాన్ వచ్చు. ఆర్కిటిక్ సముద్రపు మంచు మందాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లను పోల్చి సరిచూసే పరిశోధన చేయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఓ విద్యార్థిని, కాకినాడ

జవాబు: పీహెచ్‌డీకి దరఖాస్తు చేసే ముందే మీ ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న పోలిక పూర్తిచేయండి. డేటా ఉచితంగానే దొరుకుతుంది. మోడల్‌గా వాషింగ్టన్ యూనివర్సిటీవారి పయోమాస్ తీసుకోండి. దాన్ని సరిచూడటానికి 2010లో ప్రయోగించిన యూరప్ ఉపగ్రహం క్రయోశాట్-2 కొలతలు, బ్యూఫోర్ట్ సముద్రంలో 2003 నుంచి లంగరు వేసి ఉంచుతున్న సోనార్ల (ధ్వనితో కొలిచే పరికరాల) కొలతలు ఉన్నాయి. ఒక్క చలికాలం, ఒక్క ప్రాంతం చాలు.

మొదట తేల్చుకోవాల్సింది, ఫైల్లో ఉన్నది ఏ మందం అన్నది. మోడల్ సముద్రాన్ని చిన్న గడులుగా విడగొట్టి లెక్కిస్తుంది. పయోమాస్ ఇచ్చేది ఉన్న మంచునంతా గడి మొత్తానికి సమంగా పరిస్తే వచ్చే మందం. ఉపగ్రహ ఫైళ్లలో సాధారణంగా మంచు ఉన్నచోటి మందమే ఉంటుంది. గడిలో 80 శాతం మేర 2 మీటర్ల మంచు ఉంటే పయోమాస్ లెక్కలో అది 1.6 మీటర్లే. ఈ తేడా సవరించకుండా గ్రాఫు గీస్తే మోడల్ మంచును తక్కువ చూపుతోందని పొరపడతారు. సోనార్ చెప్పేది నీటిలో మునిగిన భాగం లోతు. దాన్ని సుమారు 1.1తో హెచ్చవేస్తే మందం వస్తుంది.

అసలు చిక్కు ఉపగ్రహంతోనే. క్రయోశాట్ రాడార్‌తో కొలిచేది నీటిమట్టానికి పైన తేలుతున్న మంచు ఎత్తును. మందాన్ని దాన్నుంచి ఆర్కిమెడిస్ సూత్రంతో రాబడతారు. ఒకసారి చేత్తో లెక్కవేయండి. నీటిపైన మంచు 20 సెం.మీ., దానిమీద పేరుకున్న మెత్తటి హిమం 20 సెం.మీ. అనుకుందాం. ఘనపు మీటరుకు సముద్రజలం 1024, హిమం 300, మంచు 917 కిలోలైతే మందం 2.47 మీటర్లు. పలు ఏళ్ల పాత మంచుకు వాడే 882 వేస్తే 1.86 మీటర్లే. ఉపగ్రహం చూసింది మారలేదు, మందం మాత్రం 60 సెం.మీ. పడిపోయింది! హిమం లోతు కూడా చాలా లెక్కల్లో 1954–1991 మధ్య సోవియట్ తేలియాడే కేంద్రాలు కొలిచిన సగటుల నుంచే వస్తుంది. అప్పటి పాత మంచు ఇప్పుడు బాగా తగ్గిపోయింది కాబట్టి ఆ సగటులు నేటి హిమానికి సరిపోకపోవచ్చు. వేసవిలో మంచుపై కరిగిన నీటి మడుగులు రాడార్‌ను తికమకపెడతాయి కాబట్టి మే నుంచి సెప్టెంబరు వరకు చాలా ఫైళ్లు ఖాళీగా ఉంటాయి.

అందుకే మోడల్‌కూ ఉపగ్రహానికీ 30 సెం.మీ. తేడా రాగానే మోడల్ తప్పని రాయొద్దు. సోనార్‌ను గానీ, నాసా 2009–2019 మధ్య నడిపిన ఐస్‌బ్రిడ్జ్ విమానాల కొలతలను గానీ మూడో సాక్షిగా పిలవండి. ఆ మోడల్ ఏ కొలతలను ముందే లోపలికి తీసుకుందో కూడా చూడండి. నార్వేవారి టోపాజ్ మోడల్ క్రయోశాట్ మందాలను కలుపుకున్నాక, మళ్లీ వాటితోనే దాన్ని పరీక్షించడం పరీక్ష కాదు.

సగటు తేడా ఒక్కటే చూసి ఆగిపోవద్దు. పయోమాస్ పలుచని మంచును మందంగా, గ్రీన్లాండ్‌కు ఉత్తరాన ఉండే మందపాటి మంచును పలుచగా చూపుతుంది. సగటులో రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మందాన్నిబట్టి విడగొట్టి చూస్తే బయటపడతాయి. సహసంబంధం (కోరిలేషన్) 0.9 వచ్చిందని మురిసిపోవద్దు. అది చాలావరకు రుతుచక్రం చలవే. దాన్ని తీసేసి మళ్లీ లెక్కించండి.

ఇక చదువు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భూమి, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో సముద్ర మోడళ్ల పని నేర్చుకోవచ్చు. ధ్రువ పరిశోధన గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీపీఓఆర్‌ది. ఆర్కిటిక్‌లో నార్వేకు చెందిన నై-ఓలెసుండ్‌లోని మన హిమాద్రి కేంద్రాన్ని చూసేదీ ఆ సంస్థే. మన దేశంలో కేవలం ఈ అంశం మీద నడిచే ఉద్యోగాలు కొద్దే కాబట్టి నార్వేలోని బెర్గెన్‌లో ఉన్న నాన్సెన్ కేంద్రం, జర్మనీలోని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ ప్రకటనలూ గమనిస్తుండండి. సైస్ వంటి మంచు మోడళ్లు ఫోర్ట్రాన్‌లో ఉంటాయి. చదివి అర్థం చేసుకునేంత నేర్చుకోండి. ప్రొఫెసర్లకు రాసేటప్పుడు బయోడేటాతోపాటు మీ పోలిక గ్రాఫు, అందులో మీరు వాడిన సాంద్రతలు, హిమం లోతు రాసి పంపండి.